మైకు ఆపేసిన ప్రశ్న

ఆఫీసులో ఆమెను అందరూ మూలమ్మ అనేవారు. టీవీ తెరకు కింద మూలన, అరచేయంత గడిలో నిలబడి ముఖ్యమంత్రి మాటల్ని సైగల భాషలో చెప్పడం ఆమె పని. అలా పిలిస్తే ఏమనుకుంటుందోనని కొత్తగా చేరినవాళ్ళు మొహమాటపడితే, "పిలవండి, ఇల్లు నిలబడేది మూలల మీదే కదా" అని ఆమే నవ్వేసేది.

ఆ భాషను ఆమె ఏ బడిలోనూ నేర్చుకోలేదు. తల్లికీ తండ్రికీ పుట్టుకతోనే వినపడదు. ఆ ఇంట్లో చెవులున్నది ఆమె ఒక్కదానికే. తండ్రి దర్జీ. ముందు గదిలో కుట్టుమిషను, దాని పైన గోడకు ఒక బల్బు. వీధిలోంచి ఎవరైనా బెల్లు నొక్కితే మోగడానికి బదులు ఆ బల్బు వెలిగేది. తల్లిని పిలవాలంటే నేల మీద కాలితో తట్టాలి. నోటికి మాటలు రాకముందే ఆ పిల్ల చేతులకు మాటలు వచ్చాయి. బడికి వెళ్ళే వయసుకల్లా ఇంటికి దుబాసీ అయిపోయింది.

ఒకసారి ఇంటి ఓనరు గుమ్మంలో నిలబడి, పొద్దున్నే ఈ మిషను చప్పుడేమిటంటూ తండ్రిని నానా మాటలూ అన్నాడు. పిల్ల బెదిరిపోయి, "కాస్త మెల్లగా కుట్టమంటున్నారు" అని మాత్రం సైగ చేసింది. తండ్రి ఓనరు మొహం చూశాడు, కూతురి చేతులు చూశాడు. ఓనరు వెళ్ళేదాకా ఆగి ఆమెను దగ్గరకు లాక్కున్నాడు.

"అంత మొహం పెట్టుకుని ఎవరూ అంత చిన్న మాట అనరు. ఏమన్నాడు?"

ఆమె ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఆ తిట్లు నావి. నాకు అందాలి. మధ్యలో నువ్వు మింగేస్తే నేను వాడికేం జవాబు చెప్పుకోను?" అన్నాడు తండ్రి. అన్నాడంటే, చేతులతోనే.

పెద్దయ్యాక ఆసుపత్రుల్లో, కోర్టుల్లో దుబాసీగా చేసింది. ప్రభుత్వ ప్రసారాలన్నిటికీ సైగలు తప్పనిసరని చట్టం వచ్చాక సమాచార శాఖ ఆమెను కాంట్రాక్టు మీద తీసుకుంది. వారం వారం ముఖ్యమంత్రి ప్రెస్ మీట్. ఆయన మంచి మాటకారి. మాటకు ముందోసారి, తర్వాతోసారి జుట్టు వెనక్కి దువ్వుకుంటాడు. వినపడనివాళ్ళు ఆయనకు అదే పేరు పెట్టుకున్నారు. తల మీదుగా చెయ్యి వెనక్కి పోనిస్తే చాలు, ముఖ్యమంత్రి అన్నట్టే.

కొన్నాళ్ళకు ఎక్కడ చూసినా ఆ దువ్విన జుట్టే కనిపించడం మొదలైంది. పేపర్ల మొదటి పేజీల్లో, బస్టాపుల్లో, సీరియళ్ళ మధ్యలో ప్రభుత్వ ప్రకటనలే. వాటిని తయారుచేసి పంచే పని ముఖ్యమంత్రి మేనల్లుడి కంపెనీది. మెచ్చుకుని రాసే పేపర్లకు ప్రకటనలు పోటెత్తేవి, గుచ్చి అడిగినవాటికి ఎండిపోయేవి. ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు, అయినా ఎవరూ కిమ్మనేవారు కాదు. ప్రెస్ మీట్‌లో ప్రశ్నలు కూడా మెత్తబడిపోయాయి. "సార్, మీకింత ఓపిక ఎక్కడినుంచి వచ్చింది?" అని ఒకాయన అడిగితే ఆమె నవ్వు బిగబట్టుకుని సైగ చేసింది. సాయంత్రం తండ్రి, "అది నిజంగా ప్రశ్నేనా, నువ్వేమైనా కల్పించావా?" అని అడిగాడు.

వెనక వరసలో ఒక బొంగురు గొంతు విలేకరి కూర్చునేది. నడివయసు దాటిన మనిషి. ప్రకటనలు ఆగిపోయి ఆమె పేపరు కరపత్రంలా పలచబడింది. ఒకరోజు చెయ్యెత్తి, ఎంతకీ దించలేదు. చేసేది లేక మైకు ఇచ్చారు.

"ముఖ్యమంత్రిగారూ, డబ్బుల్లేవని ఆసుపత్రి కొత్త భవనం పని ఆపేశారు. అదే సమయంలో ప్రకటనల కాంట్రాక్టు పెంచి, టెండరు పిలవకుండా మళ్ళీ మీ మేనల్లుడి కంపెనీకే ఇచ్చారు. ఏ రూలు ప్రకారం ఇచ్చారు? ఏ పేపరుకి ప్రకటనలు వెళ్ళాలో ఎవరు నిర్ణయిస్తున్నారు?"

'ఆసుపత్రి' అనే మాట దగ్గరే మైకు ఆగిపోయింది. టీవీ ముందున్నవాళ్ళకు ఆ తర్వాత పెదవులు కదలడం తప్ప ఏమీ వినిపించలేదు. హాలు చిన్నది కాబట్టి అక్కడున్న అందరికీ మాత్రం ఆ బొంగురు గొంతు స్పష్టంగా వినిపించింది. మూలమ్మకూ వినిపించింది. చెప్పాలా మానాలా అని ఆలోచించే లోపలే ఆమె చేతులు చెప్పుకుంటూ పోయాయి. 'మైకు ఆపేశారు, ఆవిడ మైకు లేకుండా అడుగుతున్నారు' అని కూడా చేర్చింది. ముఖ్యమంత్రి మంచినీళ్ళు తాగాడు. జుట్టు దువ్వుకున్నాడు. "ఏదో సాంకేతిక లోపంలా ఉంది. తర్వాతి ప్రశ్న" అని చిరునవ్వు నవ్వాడు. ఆమె ఆ నవ్వునూ చూపించింది.

శబ్దాన్ని ఆపినవాళ్ళకు తెర మూలన ఉన్న గడి గుర్తే లేదు.

సైకిళ్ళ దుకాణం మేడ మీద వినపడనివాళ్ళ సంఘం ప్రతి ఆదివారం కలుస్తుంది. దాని అధ్యక్షుడు ప్రెస్సులో పుస్తకాలకు అట్టలు కట్టే పెద్దాయన. ఆ ఆదివారం ఆయన వింత కబురొకటి తెచ్చాడు. మేనల్లుడి సంగతి ముఖ్యమంత్రి ఏమీ చెప్పలేదేమని ఇంట్లో కోడల్ని అడిగితే, ఆమె కాగితం మీద రాసి చూపించిందట: "ఏ మేనల్లుడు మావయ్యా? మైకు పాడైంది కదా!"

మా ఇంట్లోనూ అంతే, మా ఇంట్లోనూ అంతే అంటూ చేతులు లేచాయి. చెవులున్న ఒక్క చుట్టానికీ ఆ ప్రశ్న తెలియదు. మర్నాటి పేపర్లలోనూ లేదు, ఆ పలచటి పేపరులో తప్ప.

"ఊరందరికీ చెముడొచ్చింది, మనకు తప్ప" అన్నాడు పెద్దాయన. హాలంతా బల్లలు చరుస్తూ నవ్వింది. నవ్వు సద్దుమణిగాక ఆయన మళ్ళీ చేతులెత్తాడు. "ప్రశ్న మనకు అందింది. జవాబు అందలేదు. అడుగుదాం."

శాసనసభలో ప్రజా పద్దుల సంఘం అని ఒకటుంది. ప్రభుత్వ ఖర్చుల మీద లెక్క అడగడం దాని పని. రిజిస్టరైన ఏ సంఘమైనా దాని ముందుకెళ్ళి ప్రశ్న వేయవచ్చు. వాళ్ళు అర్జీ పెట్టారు.

అర్జీ చేరగానే సమాచార శాఖలో కంగారు మొదలైంది. మూలమ్మను ఆమె అధికారి పిలిపించాడు. రిటైరవడానికి దగ్గర్లో ఉన్న మెతక మనిషి. ఆయన గదిలో ఏసీ కారుతుంటే కింద బకెట్టు పెట్టుకున్నాడు.

"అమ్మా, మైకులో రాని మాట మీరెలా చెప్పారు?"

"హాల్లో వినపడింది సార్. మీరూ అక్కడే ఉన్నారుగా."

ఆయన బకెట్టును కాలితో కాస్త జరిపాడు. "నా సంగతి వదిలేయండి. సరిగా వినపడక ఏదో పొరపాటుగా చెప్పానని ఒక ముక్క రాసివ్వండి. మీ కాంట్రాక్టు పొడిగించే పూచీ నాది."

ఆలోచించుకుంటానని ఆమె ఇంటికొచ్చింది. భర్త లిఫ్టు మెకానిక్. వంట కూడా ఎక్కువగా అతనిదే. అంతా విని, "నా జీతంతో నెట్టుకొద్దాంలే. కాకపోతే నువ్వు రోజంతా ఇంట్లో ఉంటే నా కూరలకు వంకలు పెడతావు, అదే భయం" అన్నాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

తర్వాత తండ్రి దగ్గరికి వెళ్ళింది. తల్లి పోయాక ఆయన ఒక్కడే ఉంటున్నాడు. ఎవరిదో ప్యాంటు ఇస్త్రీ చేస్తున్నాడు. చిన్నప్పుడు అంత కోప్పడిన మనిషి ఇప్పుడేమంటాడో ఆమెకు తెలుసుననుకుంది.

"రాసిచ్చెయ్" అన్నాడాయన.

"అబద్ధం కదా నాన్నా!"

"అది వాళ్ళకు రాసిచ్చే అబద్ధం. మాకు చెప్పింది నిజమే. ఉద్యోగం పోగొట్టుకోకు."

ఆమె ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. "రేపు డాక్టరు గదిలో నీకేదో చెప్తాను. నా కూతురు సరిగ్గా వినే చెప్తోందా, తనే రాసిచ్చినట్టు మళ్ళీ పొరపాటు పడిందా అని నీకు అనుమానం వస్తే? నీకు రాకపోయినా, వేరేవాళ్ళకు వస్తే?"

తండ్రి ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టి స్విచ్చి ఆపాడు. ఆ తర్వాత రాసివ్వమని మళ్ళీ అనలేదు.

ఆమె రాసివ్వలేదు. అధికారి కోప్పడలేదు, ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేకపోయాడు. నెలాఖరుకు కాంట్రాక్టు ముగిసింది.

పద్దుల సంఘం విచారణ రోజు రానే వచ్చింది. అర్జీదారులు వినపడనివాళ్ళు కాబట్టి ఆమోదం పొందిన దుబాసీ ఉండి తీరాలి. ఉన్న కొద్దిమందిలో ఒకరికి జ్వరమొచ్చింది, ఇంకొకరికి ఊరి ప్రయాణం తగిలింది. చివరికి పిలుపు ఈమెకే వచ్చింది.

ఇన్నేళ్ళూ తెర మూలన ముఖ్యమంత్రి మాటల్ని చేతుల్లోకి మార్చిన మనిషి ఇప్పుడు చేతుల మాటల్ని గొంతులోకి మార్చాలి. ఆమె ముందు మైకు పెట్టారు. పెద్దాయన లేచి, కోటు సర్దుకుని, ప్రశ్న మొదలుపెట్టాడు. ఆసుపత్రి, టెండరు, మేనల్లుడు, ప్రకటనలు. ఆమె ఒక్కో వాక్యాన్నీ మైకులో పైకి చెప్పింది. ఈసారి మైకు ఆగలేదు. వెనక బల్ల దగ్గర బొంగురు గొంతు విలేకరి రాసుకోవడం మాని వింటూ కూర్చుంది.

సమాచార శాఖ కార్యదర్శి లేచి నిబంధనలు, విధానాలు, ప్రజాప్రయోజనం అంటూ ఏకరువు పెట్టాడు. ఆమె ఒక్క ముక్క వదలకుండా సైగ చేసింది. పెద్దాయన ఓపిగ్గా చూసి చేతులు కదిపాడు. ఆమె దాన్ని పైకి చెప్పింది: "ఆయన చాలాసేపు మాట్లాడారు. ఇందులో జవాబు ఏదో మాకు దొరకలేదు."

"మాకూ దొరకలేదు" అంది పద్దుల సంఘం అధ్యక్షురాలు. "టెండరు పిలిచారా, లేదా?"

"పిలవలేదు" అన్నాడు కార్యదర్శి.

"ఏ పేపరుకి ప్రకటనలివ్వాలో ఎవరు చెప్పేవారు?"

కార్యదర్శి వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ మూలమ్మ పాత అధికారి కూర్చుని ఉన్నాడు. ఆయన మెల్లగా లేచాడు. "ఆ కంపెనీవాళ్ళే ఎంచి పంపేవాళ్ళమ్మా. మేం సంతకం పెట్టేవాళ్ళం." చెప్పేసి కూర్చుని, చాలాసేపటికి గానీ తల ఎత్తలేదు.

ఆ తర్వాత దాచడం ఎవరివల్లా కాలేదు. ప్రకటనలు ఆగిపోతాయన్న భయంతో నోరు మెదపని పేపర్లు కూడా, అందరూ రాస్తున్నారు కదా అని ధైర్యం తెచ్చుకుని రాశాయి. కాంట్రాక్టు రద్దయింది. ప్రకటనలు ఎవరికి, ఏ ప్రాతిపదికన ఇస్తున్నారో బయట పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. ఆసుపత్రి పని నత్తనడకన మళ్ళీ మొదలైంది. ముఖ్యమంత్రి పదవిలోనే ఉన్నాడు. మేనల్లుడు వేరే పేరుతో ఇంకో కంపెనీ పెట్టాడని చెప్పుకున్నారు.

ఆమెను ఆ ఉద్యోగంలోకి మళ్ళీ పిలవలేదు. ఇప్పుడు కోర్టుల్లో, కాన్పు వార్డుల్లో పనిచేస్తోంది. తెర మూలన కొత్తగా ఒక కుర్రాడు నిలబడుతున్నాడు. "చేతులు బాగున్నాయి, మొహమే పాపం ఎవరి అనుమతి కోసమో చూస్తున్నట్టుంది" అంటాడు తండ్రి.

వినపడనివాళ్ళ సంఘం మాత్రం రుచి మరిగింది. పద్దుల సంఘం కూర్చున్నప్పుడల్లా ఏదో ఒక ప్రశ్న పట్టుకుని వెళ్తున్నారు. వాళ్ళు మెట్లెక్కుతుంటే అధికారులు ఫైళ్ళు సర్దుకుంటున్నారట. మొన్న వెళ్ళింది వీధి దీపాల కోసం. కొత్త దీపాలు వేశామని ఖర్చు చూపించారు, సగం వీధుల్లో వెలగడం లేదు.

"దీపాలు అందరికీ కావాలి కదా, మీ సంఘం ప్రత్యేకంగా అడగడం ఎందుకు?" అన్నాడు ఒక సభ్యుడు.

పెద్దాయన చేతులు కదిలాయి. ఆమె మైకు దగ్గరకు జరిగింది.

"మీరు చీకట్లో కూడా మాట్లాడుకోగలరండీ. మేం మాట్లాడుకోలేం."