శ్రీరంగపట్నంలో నేను కూర్చోబెట్టిన మనిషి

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణముంది. బేరిగై నుంచి కృష్ణగిరి దాకా జనం భయపడే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. కన్నతండ్రికి పిల్లల్ని చూసి భయమెందుకు?

నేను కృష్ణగిరి మామిడి మండీలో పని చేస్తాను. నా నోట్లో పడితే పిందె గుమ్మడికాయంత అవుతుంది, పిల్లి పులి అవుతుంది. హోసూరు దగ్గర బేరిగైలో ఉండే మా మేనత్త, కొత్తవాళ్లెవరైనా నా పక్కన కూర్చుంటే, "ఈయప్ప చెప్పిందాంట్లో ముప్పాతిక తీసేసి వినండి" అని ముందే చెప్పేది. ఈ ఒక్కసారికి ఆ ముప్పాతిక నేనే తీసేసి రాస్తున్నాను.

తొంభైల చివర్లో ఒక ఏడు, మామిడి కాపు ముగిశాక, అత్త భర్త, అంటే మా మామ, వ్యాన్ మాట్లాడి అందరినీ శ్రీరంగపట్నం తీసుకుపోయాడు. మామ రాగి పండిస్తాడు, టమోటా పండిస్తాడు, మాటలు మాత్రం పండించడు. వ్యాన్ ఎంత కిక్కిరిసిందంటే ఊపిరి కూడా వంతులు వేసుకుని పీల్చాం.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కోటగోడ పక్కన కావేరి ఒడ్డున నడిచాం. ఊరు చూపించే పని నేనే నెత్తికెత్తుకున్నాను. కనబడిన ప్రతి రాయికీ ఒక రాజును, ప్రతి గుంతకూ ఒక ఫిరంగిని కట్టబెట్టాను. మావాళ్లు ఆవులించడం మొదలుపెట్టారు. నీళ్లలోకి దిగే పాత మెట్ల దగ్గరికి వచ్చేసరికి, రాజులతో లాభం లేదు, సొంతూరి మనిషిని దించాల్సిందే అనిపించింది.

"ఈ మెట్ల మీదనే మన బేరిగై బండివాడొకడు కూర్చొని ఉండె" అన్నాను. "కోటకు రాగులు తోలుకొని వచ్చినాడు. అంతలో యుద్ధమొచ్చి తలుపులు మూసేసినారు. ఎద్దులకు నీళ్లు తాపుకుంటా ఈడనే నిలిచిపోయినాడు."

ఆ ఎద్దుల్లో ఒకదానికి ఎడమ కొమ్ము విరిగిందని కూడా చెప్పబోయాను. మాట పెదవి దాకా వచ్చింది. ఇంతలో డ్రైవరు హారన్ కొట్టాడు, అందరూ వ్యాన్ వైపు తిరిగారు. కొమ్ము నా నోట్లోనే ఉండిపోయింది.

అత్త మాత్రం కాళ్లు కడుక్కుని వస్తానని మెట్లు దిగింది. ఎంతకీ రాలేదు. వచ్చేసరికి చీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి.

"సుమ్నే, ఊరికే కథ చెప్తివి అనుకుంటిని కదప్పా" అంది నా పక్కన కూర్చుంటూ. "ఆయప్ప ఇంకా ఆడనే ఉండాడు. పాపం, ఒక ఎద్దుకు ఎడమ కొమ్ము విరిగిపోయింది."

నేను నవ్వబోయాను. నా నోరు నా మాట వినకపోవడం అదే మొదలు.

"నీ అన్న కొడుకు చాలడని నువ్వూ మొదలుపెడ్తివా" అన్నాడు మామ.

"మన బండిలో తావుంది, రా అప్పా అంటిని" అంది అత్త, అతని మాట విననట్టే. "ఊరాయన్ని చూసి ఆ మాట అనకుండా ఎట్ల వచ్చేది?"

మా వైపు అంతే. గుమ్మం ముందు నిలబడ్డవాణ్ని తిని పొమ్మంటాం, బండి ఉంటే ఎక్కమంటాం. పిలవడం మన మర్యాద, రాకపోవడం ఎదుటివాడి మర్యాద. ఆ రెండో మర్యాద అతనికి తెలిసినట్టు లేదు.

దారి పొడుగునా వ్యాన్‌లో తడిసిన ఎద్దు వాసన. బండి ఎందుకో బరువుగా లాగుతోందని డ్రైవరు దిగి టైర్లు చూసుకున్నాడు. టైర్లు బాగానే ఉన్నాయి. నేను కిటికీలోంచి తల బయటపెట్టి హోసూరు దాకా అలాగే వచ్చాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు మామ మండీకి ఫోన్ చేశాడు. అత్త తిండి మానేసిందట. సంగటి ముద్ద చేసుకుని కొట్టంలోకి పోయి, ఎద్దుల తొట్టి పక్కన పెట్టి, దాని ముందు కూర్చుంటుంది. కాసేపటికి లేచి, ఆయప్ప తిన్నాడు, నా కడుపు నిండింది అంటుంది. ముద్ద ముద్దలాగే ఉంటుంది. హోసూరు డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి, ఏ జబ్బూ లేదన్నారు.

నేను పోయి చూశాను. ఇక్కడ పెంచి చెప్పడానికి నాకు చోటే లేదు. ఆమె చెయ్యి ఎత్తితే గాజులు మోచెయ్యి దాటి జారిపోయాయి.

"ఇట్లే ఉంటే ఇది దక్కదప్పా" అన్నాడు మామ. "నువ్వు తెచ్చిపెట్టిన మనిషి. నువ్వే పంపించు."

కొట్టంలో పొద్దుటి ఎండ పడుతోంది. మామ ఎద్దులు రెండూ తాళ్లు బిగిసేలా లాగి ఒక మూలకు ఒదిగి నిలబడ్డాయి. అత్త నన్ను చూసి తేరుకున్నట్టయింది.

"వస్తివా అప్పా. ఆయప్ప నీ కోసమే చూస్తా ఉండాడు. ఇంటికి యాపొద్దు పోయేది నీకే తెలుసంట."

నాకు తెలియదు. అతన్ని మెట్ల మీద కూర్చోబెట్టి, హారన్ వినగానే వ్యాన్ ఎక్కిన మనిషిని నేను. మిగతా కథ అల్లనే లేదు.

తొట్టి ఎదురుగా గొంతుక్కూర్చుని, ఖాళీ చోటు వైపు చూస్తూ మొదలుపెట్టాను. "యుద్ధం అయిపోయింది. కోట తలుపులు తీసినారు. నువ్వు బండి కట్టినావు. హోసూరు దాటినావు. ఇంటికి చేరినావు." ఏ నదీ పొంగించలేదు, ఏ పులినీ అడ్డం తేలేదు. జన్మలో అంత చప్పగా నేనెప్పుడూ కథ చెప్పలేదు.

అత్త తల పక్కకు వంచి, ఎవరో మెల్లగా చెబుతున్నది విన్నట్టు విన్నది.

"యా ఇంటికి, అంటా ఉండాడు."

అతనికి నేను ఇల్లు పెట్టలేదు. పేరు, పెండ్లాం, వీధి, ఏదీ పెట్టలేదు. ఊళ్లో ఎవరి ఇల్లు చెబితే వాళ్ల మీదికి తోలినవాణ్నవుతాను. అత్త గాజులు చూశాను. ఆలోచించడానికి వ్యవధి లేదు.

"ఈ ఇంటికే" అన్నాను.

మామ నా వైపు చూశాడు.

అత్త పెద్దగా ఊపిరి వదిలింది. లేచి చేతులు కడుక్కుని, "ఆకలైతా ఉంది, నిలబడి చూస్తారేమి" అని మమ్మల్నే గదమాయించింది. ఆ పూట సంగటి తింది. నెల తిరిగేసరికి ఎప్పటి మనిషైంది. బండివాడి మాట మళ్లీ ఎత్తలేదు. నేను కదిపితే, "ఏ బండివాడప్పా?" అంటుంది.

కొన్నేళ్లకు మామ ఎద్దులను అమ్మేసి ట్రాక్టర్ కొన్నాడు. కొట్టంలో ఇప్పుడు పశువన్నదే లేదు. అయినా మామ రోజూ సాయంత్రం తొట్టి నిండా నీళ్లు పోస్తాడు. తెల్లారేసరికి తొట్టి అడుగు కనబడుతుంది. పగులుందేమోనని నేనే సిమెంటు పూయించాను, తలుపు బయట తాళం వేయించాను. తాళం అలాగే ఉంటుంది. నీళ్లుండవు.

నేను చెప్పని కొమ్ము అత్తకు ఎలా కనబడిందో, ఆ నీళ్లు ఎవరు తాగుతున్నారో, ఈనాటికీ నాకు అంతుపట్టలేదు. కథలు మాత్రం మానలేదు. ఎటొచ్చీ, ఇప్పుడు మనిషిని పుట్టించే ముందు అతనికో ఇల్లు పుట్టిస్తాను. మా వాళ్లెవరి ఇంటికీ దగ్గర్లో లేకుండా చూసుకుంటాను.