పక్క సీటు బెల్టు

హిల్కా ఏటా వేసవిలో రైలు దిగి, సరస్సు ఒడ్డున ఉన్న తన పాత ఊరు సవోన్లిన్నాలో అద్దె కారు తీసుకుంటుంది. టైర్లు చూడదు, ముందు వంగి పక్క సీటు బెల్టు పెట్టి, తీసి, మళ్ళీ పెడుతుంది. "బ్రేకు పడుతుందో లేదో చూడవేం హిల్కా?" అని తాళం ఇచ్చే ముసలి యార్కో నవ్వుతాడు. "బ్రేకుదేముందిలే," అంటుంది. చేప పెట్టి కాల్చిన రొట్టె కొనుక్కుని రేవు, కోట, చర్చి వీధి నెమ్మదిగా తిరుగుతుంది. వంతెన ఎక్కి నీళ్ళు కనబడగానే తన బెల్టు తీసేస్తుంది. చెయ్యి చాపి ఖాళీ సీటుదీ తీసేస్తుంది. బెల్టు పెట్టుకోమని కారు కూస్తూనే ఉంటుంది.

ఈసారి వంతెన దిగగానే పోలీసు ఆపాడు. "చలికాలం గడ్డకట్టిన సరస్సు మీద కారులో పోయేటప్పుడు కదమ్మా బెల్టు తియ్యాల్సింది! మంచు విరిగితే బయటపడాలని. ఇది జూలై!"

"తెలుసు నాయనా. మా ఆయన టౌనోకీ తెలుసు. ఆ చలికాలం సరస్సు దాటుతూ, ఏదో నవ్వుకుంటూ ఇద్దరం తియ్యడం మరిచిపోయాం. మంచు విరిగింది. నాది ఊడింది. ఆయనది ఎంత లాగినా ఊడలేదు."

కారు ఇంకా కూస్తోంది. పోలీసతను ఖాళీ సీటు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"మీదొక్కటీ పెట్టుకోండమ్మా. చాలు."