గోడౌనులో మూడు వారాల రాణి

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. ఆ వయసులో పట్టపగలు కళ్లు తెరుచుకుని కలలు కనడం అందరికీ వచ్చు. నాకు కాస్త ఎక్కువే వచ్చు. డిగ్రీ అయిపోయి ప్రత్తిపాడులో ఖాళీగా ఉన్నాను. గుంటూరులో ఒక నాటక సమాజం వాళ్లు రాబోయే సీజనుకు రెండు పద్యనాటకాలు, ఒక సంగీత నాటకం, ఒక సాంఘికం వేస్తున్నామనీ, కొత్తవాళ్లు కావాలనీ వాట్సాప్‌లో పెట్టారు. నాన్నతో పోట్లాడి మరీ వెళ్లి చేరాను. "ఈ ఒక్క సీజనే. వేషాలు నిలిస్తే నీ ఇష్టం. లేదా, నోరు మూసుకుని బ్యాంకు పరీక్షలకు కూర్చోవాలి" అన్నాడు నాన్న. సరేనన్నాను. (నిలవకపోవడం అనేది ఒకటుంటుందని నాకు తోచనేలేదు.)

రిహార్సల్సుకు చోటు దొరక్క అందరూ తల పట్టుకుంటే, మా మేనమామ మా ఊళ్లోనే ఉన్న తన మిరపకాయల గోడౌను ఇచ్చాడు. ఒక పక్క కప్పు దాకా టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, ఇంకో పక్క మేము. రేకుల సందుల్లోంచి ఎండ పడి, ఆ ఎరుపంతా గాలిలో తేలుతున్నట్టుండేది. నాకైతే అది అచ్చంగా అంతఃపురమే. మా దర్శకుడు కొత్తపట్నం మాస్టారు, సముద్రపు గాలికి పెరిగిన మనిషి, టిక్కీల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మొదటి నాటకంలో యుద్ధంలో చచ్చిపోయిన రాజు తల ఒళ్లో పెట్టుకుని రాణి పద్యం పాడాలి. ఆ ఘట్టం సాయంత్రం నాలుగింటికి వచ్చేది. సరిగ్గా అప్పుడే ఉక్కపోస్తోందని మామయ్య టిక్కీల వెనకున్న పెద్ద ఫ్యాను వేసేవాడు. నేను రాగం ఎత్తుకోగానే మాస్టారి కళ్ల వెంట బొటబొటా నీళ్లు!

"ఆపు తల్లీ, ఆపు! నలభై ఏళ్లుగా నాటకాలాడిస్తున్నా, నన్నింత ఏడిపించినవాళ్లు లేరు" అనేవారు, కండువాతో కళ్లొత్తుకుంటూ. సీజను మొత్తం రాణి వేషాలన్నీ నాకేనని మూడోరోజే చెప్పేశారు. ఇక నా సంగతి చెప్పాలా! సాయంత్రాలు పత్తిచేల గట్ల మీద నడిచి ఇంటికొస్తుంటే, విచ్చుకున్న పత్తికాయలన్నీ నాకే వింజామరలు వీస్తున్నాయనుకునేదాన్ని. అమ్మ చారులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే "సరిపోయినది" అనేదాన్ని. మూడు వారాలు నేను నేల మీద నడవలేదు.

మొదటి నాటకం రోజు వచ్చింది. గుంటూరులో ఏసీ హాలు. ముందు వరసలో నాన్న. నేను పద్యం ఎత్తుకుని, అలవాటు కొద్దీ, తెర పక్కన నిలబడ్డ మాస్టారి వైపు చూశాను. కళ్లు పొడిగా ఉన్నాయి! గొంతు పెంచాను. మాస్టారు చల్లగా చేతులు కట్టుకుని చూస్తున్నారే తప్ప ఒక్క చుక్క లేదు. పద్యం అయిపోయింది. బాగా పాడితే జనం 'వన్స్ మోర్' అని అరవడం, మేం మళ్లీ పాడటం మావైపు మామూలే కదా. ఎవరూ అరవకుండానే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. హార్మోనియం తాతయ్య బిత్తరపోయి, "ఎవరూ అడగలేదే అమ్మాయ్!" అన్నాడు. (ఆయన గుసగుస మైకులో పడి హాలంతా వినబడింది.) అయినా మాస్టారు ఏడవలేదు. మూడోసారి ఎత్తుకున్నాను. ఒళ్లో చచ్చిపడున్న రాజు, మండలాఫీసులో గుమస్తా పాపం, కళ్లు మూసుకునే, "మెడ పట్టేసింది చెల్లెమ్మా, ఇంక నేను లేచిపోతా" అన్నాడు. నేనతని తల నొక్కిపట్టి పాడాను. హాలు హాలంతా గొల్లుమంది. మా నాన్నయితే కుర్చీలో పడిపడి నవ్వాడు.

మేకప్ గదిలోకొచ్చి పడ్డాక అప్పుడొచ్చాయి నాకు కన్నీళ్లు, ఎవరికీ అక్కర్లేనప్పుడు. మామయ్య పక్కన కూర్చుని నెమ్మదిగా అన్నాడు: "ఆయన కళ్లల్లో నీళ్లు మన కాయల ఘాటుకేనే బుజ్జమ్మా. మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటు, పాపం ఆయనకేం తెలుసు? మొదటిరోజే కనిపెట్టాను."

"మరి చెప్పవేం మామయ్యా?"

"నీ మొహం చూస్తే నోరు రాలేదే."

ఇంతలో మాస్టారు వచ్చారు. "రాణి వేషాలు నీకొద్దు తల్లీ. సంగీత నాటకంలో గయ్యాళి అత్త వేషముంది, అది వెయ్యి. జనాన్ని అలా నవ్వించడం నేర్పితే వచ్చేది కాదు" అన్నారు. వెనకే నాన్న. "వేషం నిలిచిందిగా, ఇంకా ఏడుస్తావేం పిచ్చిమొహమా!" అన్నాడు. నిజమే, నిలిచింది. అత్తలు, వంటలక్కలు, చెవిటి బామ్మలు... ఇప్పటికీ నేను తెర వెనక దగ్గితే చాలు, హాల్లో నవ్వు మొదలవుతుంది.

ఇప్పుడు సమాజానికి నేనే కార్యదర్శిని. వచ్చే సీజను పాత్రల పట్టిక నిన్న సాయంత్రం నా చేత్తోనే రాశాను. 'రాణి' అని రాసి, ఎదురుగా కలం ఆపాను. 'నువ్వే వెయ్యి' అని చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరైనా అంటారేమోనని చూశాను. అనరని నాకు తెలుసు. అయినా ఒక్క క్షణం ఆగాను. తరవాత నాకే నవ్వొచ్చి, కిందటేడు చేరిన అమ్మాయి పేరు గుండ్రంగా, వీలైనంత అందంగా రాశాను.