సేనాపతి గుర్రం

మా ఇంట్లో సీసం కరిగించడం అన్నం వండటమంత మామూలు పని. వల నీళ్ళలో మునగడానికి అంచుకు కట్టే సీసం గుళ్ళు నాన్న పెరట్లోనే పోసుకునేవాడు. చిరిగిన పాత వలల నుంచి ఊడదీసిన సీసం ముక్కలు ఓ డబ్బాలో పడి ఉండేవి. వాటితో సిపాయిల్ని పోయొచ్చని కనిపెట్టింది మా అక్క. కొనుక్కునే స్తోమత ఎలాగూ లేదు. అమలాపురం బజారులో అద్దాల వెనక నిలబడ్డ సిపాయి బొమ్మల్ని ఒక్కసారి చూసి వచ్చాం, అంతే.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. అయిదో తరగతితో బడి మానిపించి వలలు బాగుచేసే పనిలో కూర్చోబెట్టారు. వల ఎక్కడ తెగిందో దీపం లేకుండానే చెప్పేదని పేటంతా ఆమె చూపును మెచ్చుకునేవారు.

అచ్చులకు ఖర్చు లేదు. ఒడ్డుకు సముద్రపు నురుగు కొట్టుకొచ్చేది. పేరుకే నురుగు, నిజానికి అది ఒక సముద్ర జీవి వీపులో ఉండే తెల్లటి ఎముక, గోటితో గీస్తే గుంట పడేంత మెత్తన. రెండు ఎముకల్ని నున్నగా అరగదీసి, ఒకదాంట్లో బొమ్మ ముందు సగం, రెండోదాంట్లో వెనక సగం అక్క సూదితో తొలిచేది. రెండూ కలిపి తాడుతో కట్టి, పైన వదిలిన బెజ్జంలో సీసం పోస్తే చిటికెనవేలంత సిపాయి వచ్చేవాడు. పడవకు వేయగా మిగిలిన నీలం, ఎరుపు తప్ప రంగులు లేవు గనుక మా లోకంలో రెండే సైన్యాలు. నేల మీద సుద్దతో గోదావరి పాయలూ లంకలూ గీసి, సగానికి అరగదీసిన చింతపిక్కలు వేసి, పడినన్ని గళ్ళు సిపాయిల్ని నడిపేవాళ్ళం. ఓడిపోతే నేను పిక్కలు విసిరికొట్టేదాన్ని. అక్క ఏరుకొచ్చేది. ఓపిక అన్నది నాకు పుట్టుకతోనే లేదు. అది గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతేమీ కాదు.

నా ఎర్ర సైన్యానికి గుర్రం మీద సేనాపతి కావాలని వారం రోజులు అక్క ప్రాణం తీశాను. పగలంతా వలలతో సరిపోయేది కాబట్టి, దొరికిన కాస్త తీరికలోనే నాలుగు రోజులు కూర్చుని ఆ గుర్రాన్ని తొలిచింది. జూలు కూడా విడివిడిగా గీసింది.

మా ఇళ్ళలో ఓ అలవాటుంది. సముద్రం నుంచి వచ్చిన దేన్నయినా మంచినీళ్ళతో కడగనిదే గడప దాటనివ్వరు, ఉప్పు తినేస్తుందని. తాళ్ళూ, లంగరూ, ఆఖరికి మా కాళ్ళూ అంతే. అక్క ఆ ఎముకల్ని తేగానే ఓసారి, తొలిచాక పొడిలో ఉప్పుంటుందని ఇంకోసారి కడిగేది. తర్వాత రెండు రోజులు ఎండబెట్టేది. కానీ ఆ వారం ముసురు పట్టింది. ఎండ మొహం చూడలేదు.

“ఇంకో రెండ్రోజులు ఆగవే. లోపల చెమ్మ ఉంది,” అంది అక్క.

“రేపు నాన్న డబ్బాలో సీసమంతా గుళ్ళకి పోసేస్తాడు. పైన పొడిగానే ఉందిగా,” అన్నాను.

కరిగిన సీసం గరిటె అప్పటికే నా చేతిలో ఉంది. తాడు బిగిసిందో లేదో చూద్దామని అక్క అచ్చు మీదికి వంగింది. నేను పోసేశాను. పోపులో ఆవాలు చిట్లినట్టు చిన్న చప్పుడైంది. చెమ్మ ఆవిరై సీసాన్ని పైకి చిమ్మింది. అక్క అరవలేదు. కుడికన్ను అరచేత్తో మూసుకుని బూడిదలో కూర్చుండిపోయింది.

నాన్న పరిగెత్తుకొచ్చాడు. “ఎవరే పోసేరు?”

“నేనే నాన్నా. చూసుకోలేదు,” అంది అక్క.

నేను నోరు తెరవలేదు. భయం వేసింది. అది తప్ప చెప్పుకోడానికి నాకు వేరే కారణం లేదు.

ఆసుపత్రి నరసాపురంలో. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు నిండితే గాని కదలదు. సైకిళ్ళూ కొబ్బరికాయల బస్తాలూ ఎక్కేదాకా అక్క తడిగుడ్డ అదుముకుని, రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అవతలి ఒడ్డున డాక్టరుగారు చూసి, “ఈ కంటికి ఇంక చూపు రాదండీ,” అన్నారు.

ఆ వారమే నాన్న మా సైన్యాలు రెండింటినీ కరిగించి గుళ్ళు పోసేశాడు. వాటిని వలకు కట్టింది అక్కే. ఒంటికంటితో వేసే ముడులు పక్కకి పడుతుంటే నాన్న విప్పి మళ్ళీ వేసుకుంటూ, “చూసుకోని పిల్ల,” అని గొణిగేవాడు. ఆ మాట ఏళ్ళ తరబడి విన్నాను. నన్ను మాత్రం హైస్కూలుకి పంపాడు.

చాలా ఏళ్ళకి ఓసారి ధైర్యం చేసి, ఎందుకలా చెప్పావని అక్కని అడిగాను.

“ఆ పూటకి చెప్పేను. తర్వాత నువ్వు చెబుతావనుకున్నానే,” అంది. కోపంగా కూడా అనలేదు.

ఎనభై ఏళ్ళు దాటాక నాన్న మంచం పట్టాడు. ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచాడు. అక్క మంచం చివర కూర్చుని ఆయన కాళ్ళు పిసుకుతోంది.

“నువ్వు జాగ్రత్త గల పిల్లవమ్మా. దాన్ని కనిపెట్టుకుని ఉండు. దానికి చూసుకోడం రాదు,” అన్నాడు.

అక్క తల తిప్పి, మిగిలిన కన్నుతో నా వంక చూసింది.

“ఆయ్, అలాగే నాన్నా,” అన్నాను.

అక్క తల దించుకుని మళ్ళీ కాళ్ళు పిసకసాగింది.