ఊపిరికి కాపలా

నా చిన్నప్పుడు, ఒక వేసవి రాత్రి, నా పక్కనే పడుకున్న మా తాతయ్య తెల్లవారేసరికి ప్రాణాలతో లేడు.

మాది తెనాలి దగ్గర సంగం జాగర్లమూడి. ఎండాకాలం వస్తే ఇంటిల్లిపాదీ వాకిట్లో మంచాలు వాల్చుకుని పడుకునేవాళ్ళం. నా చోటు ఎప్పుడూ తాతయ్య నులక మంచం మీద, ఆయన చేతి కింద. ఆ రాత్రి కూడా చెయ్యి నా మీద వేసి ఏదో కబురు చెబుతూనే ఉన్నాడు. నేను మధ్యలో నిద్రపోయాను. మళ్ళీ మెలకువ వచ్చేసరికి ఎవరో ఆ చేతిని నా మీంచి తీస్తున్నారు. అది చల్లగా, చాలా బరువుగా ఉంది. పక్కన మా నాయనమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నిలబడి ఉంది.

పలకరించడానికి వచ్చిన వాళ్ళందరిదీ ఒకటే మాట. నిద్రలోనే పోయాడు, పుణ్యాత్ముడు, ఎవరి చేతా చేయించుకోలేదు అన్నారు. అంతకన్నా మంచి చావు ఉండదని పెద్దవాళ్ళకు తెలుసు. నాకు అర్థమైంది మాత్రం వేరు. నిద్ర పోతారు, మనుషులూ పోతారు. రెండింటికీ మనం వాడేది ఒకే మాట కదా. పిల్లల బుర్రలో ఆ రెండూ ముడిపడితే విప్పేవాళ్ళు ఎవరు?

రేపల్లె నుంచి వచ్చిన మా మేనత్త గుండెలు బాదుకుని ఏడుస్తూ నన్ను దగ్గరికి లాక్కుంది. "పక్కలోనే ఉన్నావు కదే తల్లీ, నీకేం తెలియలేదా? ఒక్క కేకన్నా వెయ్యలేకపోయావా?" అంది. అది దుఃఖంలో వచ్చిన మాట. మరుక్షణం ఆవిడే మరిచిపోయి ఉంటుంది. నేను మరిచిపోలేదు.

ఆ తరువాత నుంచి నేను రాత్రుళ్ళు పడుకోవడం మానేశాను. పడుకున్నట్టు ఉండేదాన్ని. ఇంట్లో మాటలు సద్దుమణిగాక మెల్లిగా లేచి, ముందు అమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. వెచ్చగా గాలి తగిలితే నాన్న దగ్గరికి వెళ్ళేదాన్ని. ఆయన గురక దూరానికే వినిపించేది గానీ, గురక మధ్యలో ఒక్కోసారి ఆగిపోయేది. అది మళ్ళీ మొదలయ్యే వరకూ నా ఊపిరి కూడా ఆగిపోయేది. అందరికన్నా నాయనమ్మ దగ్గర ఎక్కువసేపు నిలబడేదాన్ని. ఆవిడకు ఉబ్బసం. గొంతులో పిల్లికూతలు సన్నగా వినిపిస్తూ ఉండేవి. ఒక చుట్టు పూర్తయ్యాక మళ్ళీ అమ్మ దగ్గర మొదలు. కాలవ అవతల ఎక్కడో కుక్క ఏడ్చేది. కుక్క ఏడిస్తే ఏమవుతుందో పెద్దవాళ్ళు చెప్పుకోగా విన్నాను. ఎవరి కోసం ఏడుస్తోందా అని మా ఇంట్లోవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటీ చూస్తూ కూర్చునేదాన్ని.

పిల్ల నిద్రపోవడం లేదని అమ్మకు తెలిసిపోయింది. దిష్టి తీసింది. గసగసాలు నూరి పాలల్లో కలిపి తాగించింది. మేనత్త రేపల్లెలో ఎవరి దగ్గరో తాయెత్తు కట్టించి తెచ్చింది. నాన్న కళ్ళు మూసుకోమని గదమాయించాడు. నేను మూసుకుని, ఆయన అటు తిరగగానే తెరిచేదాన్ని. ఏం భయమని అడిగితే చెప్పేదాన్ని కాదు. తాతయ్య పోయిన రాత్రి నేను పడుకుని ఉన్నానన్న సంగతి వాళ్ళకు గుర్తు చేయడం ఇష్టం లేదు.

వానలు మొదలై కాలవకు నీళ్ళు వదిలారు. నా కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. బళ్ళో బెంచీ మీదే తల వాల్చేసేదాన్ని. ఒకరోజు అమ్మ బట్టలు ఉతుకుతుంటే నేను రేవు మెట్ల మీద కూర్చున్నాను. నీళ్ళు ఎర్రగా, మెట్ల పైదాకా పారుతున్నాయి. ఎండ వెచ్చగా తగిలింది. అంతవరకే నాకు తెలుసు. తరువాత చెవుల్లో హోరు, ముక్కులో బురద, కాళ్ళ కింద ఏమీ లేదు. ఎవరో నా జడ పట్టుకుని లాగారు.

లాగింది మా పక్కింటి అక్క. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే నిద్రలో జారిపోయానట. అమ్మ వీపు అటు తిరిగి ఉంది. అక్క బిందె వదిలేసి దూకకపోతే లాకుల దగ్గర శవమై దొరికేదాన్ని.

వాళ్ళు లూథరన్ చర్చికి వెళ్ళే కుటుంబం. వాళ్ళ నాన్న బడిపంతులు. అక్క తెనాలిలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి, అది మానేసి, బాపట్లలో వేరే ఆసుపత్రిలో చేరబోతూ మధ్యలో కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉంది. అమ్మ ఏడుస్తుంటే అక్క నన్ను తువ్వాలుతో తుడిచి, వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టింది. ఎందుకు నిద్రపోవడం లేదని అందరిలా అడగలేదు.

"రాత్రుళ్ళు ఏం చేస్తుంటావు?" అంది.

"చూస్తుంటానక్కా."

"ఏంటి చూసేది?"

"ఊపిరి. అందరిదీ."

ఆమె నవ్వలేదు. నా తడి జుట్టు విదిలిస్తూ తాతయ్య విషయం అడిగింది. ఒకసారి నోరు తెరిచాక మేనత్త అన్న మాటతో సహా అంతా చెప్పేశాను.

"నువ్వు చేసేది నా డ్యూటీయే," అంది అక్క. "కానీ ఆసుపత్రిలో కూడా ఒక్కరే రోజూ చెయ్యరు. ఒకళ్ళు అప్పజెప్పి ఇంటికెళ్తారు, ఇంకొకళ్ళు కూర్చుంటారు. రాత్రి డ్యూటీలు చేసీ చేసీ నాకెలాగూ రాత్రిపూట నిద్ర పట్టదు. ఇవాళ్టి నుంచి నాకు అప్పజెప్పు."

ఆ రాత్రి అన్నాలయ్యాక అక్క మా ఇంటికి వచ్చింది. అమ్మానాన్నలతో ఏం చెప్పిందో తెలియదు. వాళ్ళు ఒప్పుకున్నారు. వసారాలో మా మంచాలన్నీ కనిపించేలా స్టూలు వేసుకుని, లాంతరు వత్తి తగ్గించి కూర్చుంది. నన్ను పిలిచి, ఎవరు ఎలా ఉన్నారో చెప్పమంది. అమ్మ బాగుంది, నాన్నకు గురక మధ్యలో ఆగుతోంది, నాయనమ్మకు పిల్లికూతలు ఎక్కువగా ఉన్నాయి అని చెప్పాను. పెద్దవాళ్ళు చెబితే విన్నట్టే శ్రద్ధగా విని తల ఊపింది.

"ఏదన్నా అయితే నన్ను లేపుతావా?"

"లేపుతాను. మంచైనా చెడైనా లేపుతాను."

నేను వెంటనే నమ్మలేదు. పడుకుని, దుప్పటి సందులోంచి చూశాను. మెలకువ వచ్చినప్పుడల్లా చూశాను. ఎప్పుడు చూసినా ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒకసారి మా నాయనమ్మ మంచం దగ్గర నిలబడి, నేను పెట్టినట్టే, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. అది చూశాక పొద్దెక్కేదాకా లేవలేదు.

అలా రోజూ వచ్చేది. నా బుగ్గలకు మళ్ళీ రంగు వచ్చిందని అమ్మ సంబరపడింది. కానీ అక్క ముఖంలో సంబరం తగ్గుతూ వచ్చింది. నాయనమ్మ పాదాలు నొక్కి చూసేది. నొక్కిన చోట గుంట పడి, చాలాసేపటికి గానీ పూడేది కాదు. ఒకరోజు నాన్నను పెరట్లోకి పిలిచి మాట్లాడింది. మర్నాడు నాన్న నాయనమ్మను తెనాలి తీసుకెళ్ళాడు. గుండె బలహీనపడిందని, నీరు పట్టిందని డాక్టరుగారు మందులిచ్చి పంపారు. ఇంటికి వచ్చాక నాయనమ్మ పడుకోలేకపోయింది. తలగడలు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే కునికేది. మేనత్త రేపల్లె నుంచి వచ్చేసి ఇక్కడే ఉండిపోయింది. పెద్దవాళ్ళు నేను కనపడగానే మాటలు ఆపేసేవాళ్ళు. మా ఇంట్లోకి ఏదో వస్తోందని, అందరికీ తెలిసే తలుపు తీసి ఉంచారని నాకు అనిపించేది.

ఒక రాత్రి ముసురు పట్టింది. గాలికి కొబ్బరి మట్టలు పెంకుల మీద గీసుకుంటున్నాయి. నాయనమ్మ ఊపిరి ఇంటి ఈ చివర నుంచి ఆ చివరకు వినిపిస్తోంది. నేను అక్కకు అప్పజెప్పనన్నాను. తన పక్కనే కూర్చుంటానన్నాను.

"నేనున్నాను కదమ్మా, పడుకో."

"నేను పడుకుంటే నాయనమ్మ పోతుంది."

మేనత్త తల దించుకుంది. అక్క నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. "పోదని నేను చెప్పను," అంది. "నాకు తెలియదు. కానీ ఒంటరిగా ఉండదు. నిన్ను లేపకుండా ఏమీ జరగనివ్వను."

పెద్దవాళ్ళెవరూ నాతో అలా మాట్లాడలేదు. భయం లేదన్న వాళ్ళందరి దగ్గరా నాకు భయం వేసింది. తెలియదన్న మనిషి ఒళ్ళో నిద్ర పట్టింది.

లేపింది. ఇంకా తెల్లవారలేదు. వాన ఆగింది. నాన్న బండి కట్టించుకుని డాక్టరు కోసం వెళ్ళాడు. మేనత్త గాభరాగా, "పసిపిల్లని లేపుతావేంటమ్మా ఇప్పుడు? జడుసుకుంటుంది," అంటోంది.

"లేపుతానని మాటిచ్చానండి," అంది అక్క. నా చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. "నాయనమ్మ వెళ్ళిపోతోందమ్మా. చెయ్యి పట్టుకుంటావా? వద్దంటే వద్దు."

పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. నాయనమ్మ కళ్ళు సగం తెరిచి నా వైపు చూసింది. వేళ్ళు కొంచెం కదిలించింది. ఊపిరి ఒకటి వచ్చి, ఆగి, చాలాసేపటికి ఇంకొకటి వచ్చేది. నాన్న గురక ఆగినప్పటిలా నేను తరువాతి దాని కోసం ఎదురు చూశాను. చివరికి అది రాలేదు. అమ్మ, మేనత్త ఒక్కసారిగా ఏడ్చారు. అక్క వంగి, నాయనమ్మ కళ్ళు మూసి, నుదుటి మీద జుట్టు సవరించింది.

తరువాత నేను అక్కను పెరట్లో పట్టుకున్నాను. బావి దగ్గర చేతులు కడుక్కుంటోంది. ఆమె కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి.

"నువ్వు నిద్రపోలేదు కదక్కా?"

"లేదు."

"కాసేపు కూడా?"

"రెప్ప కూడా వెయ్యలేదు."

"మరెందుకు పోయింది?"

ఆమె చేతులు తుడుచుకుని నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. "మందులు వేశాను. లేపి కూర్చోబెట్టాను. మీ నాన్న డాక్టరు కోసం వెళ్ళాడు. అందరం మెలకువగానే ఉన్నాం. అయినా వెళ్ళిపోయింది. మనం మేలుకుంటే ఆగేది కాదమ్మా అది. ఆ రోజు నువ్వు మెలకువగా ఉన్నా తాతయ్య వెళ్ళిపోయేవాడే. నువ్వు పడుకున్నందుకు కాదు."

గుమ్మంలో మేనత్త నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. వచ్చి నన్ను పొదువుకుంది.  తాతయ్య పోయిన రోజు అన్న మాటకు బాధపడుతోందని ఆవిడ పట్టుకున్న తీరులోనే నాకు అర్థమైంది.

ఆ రోజు చావింట్లో ఏడుపులు, డప్పు వినిపిస్తూ ఉండగానే పక్కింటి అక్క పరుపు మీద సాయంత్రం దాకా నిద్రపోయాను. నన్ను ఎవరూ లేపలేదు.

నెల తిరగకుండానే అక్క బాపట్ల వెళ్ళిపోయింది. ఆమె బస్సెక్కిన రాత్రి నాకు మళ్ళీ నిద్ర రాలేదు. స్టూలు వసారాలో ఖాళీగా ఉంది. కళ్ళు మూసుకోమని గదమాయించే మా నాన్న ఆ రాత్రి తన మంచం నా మంచానికి ఆనించి వేశాడు. "నాకు అప్పజెప్పు," అన్నాడు. అప్పజెప్పాను. ఆయన ఇంకాసేపటికే గురక పెట్టాడు. ఆ గురక మధ్యలో ఆగింది. నేను దాని కోసం ఎదురు చూడకుండా అటు తిరిగి పడుకున్నాను.

ఇప్పుడు నాకు మనవలున్నారు, తెనాలిలోనే ఉంటున్నాను. మొన్నామధ్య మా ఆయనకు గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో పెట్టాం. మా మనవరాలు, హైస్కూలు పిల్ల, వరండా బెంచీ మీద కళ్ళు చించుకుని కూర్చుంది. వాళ్ళమ్మ, "తాతయ్యకేం కాదు, పడుకో," అంటే ఇంకా బిగుసుకుపోయింది. నేను పక్కన కూర్చుని, తాతయ్యకు ఏమవుతుందో నాకూ తెలియదని చెప్పాను. ఏదైనా సరే నిన్ను లేపుతాను, నేను మేలుకుంటాను, నువ్వు పడుకో అన్నాను. చాలాసేపు నా ముఖంలోకి చూసి, నా ఒళ్ళో తల పెట్టుకుంది.

తెల్లవారుజామున నర్సు వచ్చి ఆయన కళ్ళు తెరిచాడని, మంచినీళ్ళు అడిగాడని చెప్పింది. పిల్ల గాఢంగా నిద్రపోతోంది. పాపం పడుకోనివ్వండి అని కోడలు సైగ చేసింది. నేను వినలేదు. భుజం మీద చెయ్యి వేసి మెల్లిగా లేపాను.