సూర్యుడికి దుప్పటి

మా బావ ఉక్కు కర్మాగారం స్టోర్సులో ఇరవై ఎనిమిదేళ్లు గుమాస్తాగా చేశాడు. నా దృష్టిలో అది కర్మాగారంలో పనిచేయడం కాదు. బోల్టులు ఇచ్చి సంతకాలు తీసుకునేవాడు, అంతే. నేను రోలింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్ని. మేం ముట్టుకునే కరెంటు మనిషిని ఎగరేసి అవతల పడేస్తుంది. ఎర్రగా కాలిన ఇనుము పక్కన నిలబడ్డవాడికీ, అరల మధ్య కూర్చుని చీటీలు రాసుకున్నవాడికీ తేడా ఉండదా? ఉంటుందని గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకాన్ని మర్యాద కోసమైనా దాచుకున్న పాపాన పోలేదు.

తొంభైల మధ్యలో ఆయన ముందుగానే రిటైరై, స్మృతి నగర్‌లో తన ఇంటి ముందు ఒక పాత వ్యాను తెచ్చి నిలబెట్టాడు. సీట్లు పీకించి లోపల చెక్క మంచం, స్టవ్వుకి ఒక బల్ల చేయించాడు. అక్కని తీసుకుని అమర్‌కంటక్, పూరీ, ఇంకా ఎక్కడెక్కడో తిరగాలని ఆయన కోరిక. అక్కకి ఉబ్బసం. ముఖం మీద గాలి ఆడకపోతే పడుకోలేదు. ధర్మశాలలో ఫ్యాను తిరుగుతుందో లేదోనన్న భయంతోనే ఏళ్ల తరబడి ఏ ఊరూ వెళ్లలేదు. అందుకని వ్యాను పైన ఎండతో కరెంటు తీసే సోలార్ పలక, మంచం కింద చెక్క డబ్బాలో లారీ బ్యాటరీ, తలవైపు చిన్న ఫ్యాను. ఊళ్లో కరెంటు ఉన్నా లేకపోయినా ఆ ఫ్యాను తిరగాలి.

వైరింగుకి నన్ను పిలిచాడు. వెళ్లేసరికి ఒక చేతిలో పలకతో వచ్చిన పుస్తకం. దానికి బడిపిల్లల పుస్తకంలా అట్ట వేసి, పేజీపేజీకీ ఎర్ర సిరాతో గీతలు గీశాడు. రెండో చేతిలో దుప్పటి. నేను స్క్రూడ్రైవర్ తీసేలోపే నిచ్చెనెక్కి ఆ దుప్పటిని పలక మీద నీటుగా పరిచాడు.

"ఏటి బావా, సూర్యుడికి సలేస్తందా?" అన్నాను.

"ఎండ తగిల్తే సాలు, తీగల్లో కరెంటు ఉంటాదంట. దీనికి ఆపే స్విచ్ లేదు. పుస్తకంలో రాసుంది," అన్నాడు.

"పన్నెండు వోల్టులు బావా! సేత్తో పట్టుకున్నా సీమ కుట్టినట్టుండదు."

ఆ పూటంతా అదే వరస. బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు ఉండాలన్నాడు. రేకుకి చేసిన కన్నంలోంచి వైరు పోయే చోట రబ్బరు రింగు ఉండాలన్నాడు. బ్యాటరీ మీద పానా లేకుండా చేత్తో తిప్పే నట్లు ఉండాలన్నాడు. వైరు ఇంకా లావుది కావాలన్నాడు. కొండను తవ్వి ఎలకను పట్టడమంటే ఇదేనని నవ్వాను. ఇంట్లో మిగిలిన సన్న వైరు తెచ్చాను, డ్రిల్లుతో మంచం కింది రేకుకి కన్నం వేసి దాన్ని లాగేశాను. రబ్బరు రింగు గురించి మళ్లీ అడిగితే, "మీ స్టోర్సులో చీటీ రాసి తెచ్చుకో" అన్నాను. ఫ్యూజూ నట్లూ ఆయనే బిగించుకున్నాడు, నేను పక్కన కూర్చుని టీ తాగాను. తుమ్మితే ఊడే ముక్కు లాంటి ఆ గాజు ఫ్యూజు ఉంటే ఎంత, పోతే ఎంత అనుకున్నాను.

ఒక ఆదివారం దగ్గర్లోని ఉతై అనే ఊరి దాకా వెళ్లి చూద్దామన్నారు. అక్క పులిహోర చేసింది. బావ నడిపాడు. గతుకుల రోడ్డు మీద సగం దూరం వెళ్లేసరికి ఫ్యాను ఆగిపోయింది. ఉతై దగ్గర చెట్టు నీడ చక్కగా ఉంటే, పలకకి ఎండ కావాలని ఆయన వ్యానుని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపాడు. అక్క కొంగుతో విసురుకుంటోంది. డబ్బా తెరిచి చూస్తే ఫ్యూజు పోయింది.

"ఎందుకు పోనాదో ముందు సూడాలి," అన్నాడు బావ.

ఇది వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా మిల్లులో లైను ఆగితే ఎందుకు ఆగిందని ఎవడూ అడగడు. అడ్డుపడ్డదాన్ని దాటేసి ఒక వైరుముక్క వేస్తాం, మిల్లు నడుస్తుంది. కారణం తర్వాత రిజిస్టర్లో రాసుకోవచ్చు. అదే పనితనం అనుకునేవాళ్లం, అదే నేర్చుకున్నాం. "స్టోర్సు బుర్ర," అని పైకే అని, నాలుగు రాగి తీగలు మెలిపెట్టి ఫ్యూజు ఉన్న చోట చుట్టేశాను. ఫ్యాను గిర్రున తిరిగింది.

"మా తమ్ముడి సెయ్యి పడాలంతే," అంది అక్క. మంచం మీద పడుకుని కళ్లు మూసుకుంది. నేను బావ వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. తలచుకుంటే అసహ్యం వేస్తుంది.

ఆమె బరువుకి మంచం చెక్క కిందికి వంగి, వైరుని నేను వేసిన కన్నం అంచుకి నొక్కింది. దారిలో ఆ అంచు మీద ఒరుసుకుని అప్పటికే వైరు మీది ప్లాస్టిక్ తోలు ఊడి ఉంది. ఫ్యూజు పోయిందీ అందుకే. ఇప్పుడు పోవడానికి ఫ్యూజు లేదు. పరుపు కిందనుంచి పొగ వచ్చింది. అక్క లేచి దగ్గుతూ కూర్చుంది, దగ్గు ఆగడం లేదు, పెదాలు నల్లబడుతున్నాయి. నేనేం చేశాను? ఇన్నేళ్ల ఎలక్ట్రీషియన్ని, పరుగెత్తి ఫ్యాను స్విచ్ ఆపాను. పొగకి దానితో ఏ సంబంధమూ లేదు.

బావ అక్కని రెక్క పట్టి బయటికి లాగాడు. మళ్లీ లోపలికి దూరి, బోర్లా పడుకుని, చేత్తో నట్టు తిప్పి బ్యాటరీ వైరు ఊడబీకాడు. కరిగిన వైరు తోలు అరచేతికి అంటుకుపోయింది. పొగలోంచి బయటికి వచ్చి, ఆ చేయి పొట్టకి నొక్కుకుని, ఒకే మాట అన్నాడు.

"పైన దుప్పటి కప్పు."

ముందు సీటు మీది దుప్పటి లాక్కుని పైకెక్కాను. రేకు మోకాళ్లని కాల్చింది. కింద చెట్టు మొదట్లో అక్క ఉబ్బసం మందు పంపు పీల్చుకుంటూ ఊపిరి కోసం కొట్టుకుంటోంది, ఆ చప్పుడు పైకి వినిపిస్తూనే ఉంది. నేను సూర్యుడికి అడ్డంగా దుప్పటి పరిచి, గాలికి లేవకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ఆమె ఊపిరి కుదుటపడేదాకా దిగలేదు. దిగి ఏ ముఖంతో నిలబడాలి?

నన్ను ఇద్దరిలో ఒక్కరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

చేయి మానాక బావ ఆ పుస్తకం చూసుకుంటూ మొత్తం వైరింగు తనే మళ్లీ చేశాడు. లావు వైరు, రబ్బరు రింగులు, కొత్త ఫ్యూజు. నేను పానాలు అందించాను. చివర్న ఆయన ఒక రేకుముక్కకి ఎర్ర రంగు వేసి, గుండ్రటి గుమాస్తా అక్షరాలతో "ముట్టరాదు" అని రాసి, కింద సంతకం పెట్టి బ్యాటరీ డబ్బాకి తగిలించాడు. మా కర్మాగారంలో కరెంటు ఆపి పనిచేసేటప్పుడు స్విచ్‌కి అలాంటి ఎర్ర బిళ్ల తగిలిస్తాం. సంతకం పెట్టినవాడు తప్ప దాన్ని ఇంకెవరూ తీయకూడదు, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే. ఆ నియమం ఆయనకి చెప్పింది నేనే, ఏదో పెళ్లిలో గొప్పలు పోతూ.

ఆ వ్యానులో వాళ్లిద్దరూ పూరీ వెళ్లారు, అమర్‌కంటక్ వెళ్లారు. లోపల తిరిగేది ఇద్దరే. అక్క వైర్ల జోలికి పోదు. సంతకం బావదే. ఆ బిళ్ల ఎవరి కోసమో నేను అడగలేదు.