ఇద్దరు డాక్టర్ల మర్యాద

బీడీల చాట ఒళ్లో ఉన్నంతసేపూ భూమవ్వ చేతులు ఆకు చుడుతూనే ఉంటాయి, నోరు ఎవరినో ఒకరిని తిడుతూనే ఉంటుంది. తమ్ముడు ఆత్మారాంకు మతి చెదిరినప్పటి నుంచీ ఆ తిట్లలో సగం డాక్టర్లకే. ఒకరి మందు పని చెయ్యకపోతే రెండోవారిదైనా చేస్తుందని, పొద్దున నిజామాబాద్ డాక్టరు గోలీ, రాత్రి బోధన్ డాక్టరు గోలీ తనే వాడి నోట్లో వేస్తుంది. ఒకరి ముందు ఇంకొకరి పేరెత్తడం మాత్రం ఆమె లెక్కలో మొహం మీద కొట్టినట్టే.

మొన్న వాడు నల్లా దగ్గర బిందెతో సహా కూలిపోయాడు. నిజామాబాద్ తీసుకుపోతే డాక్టరు వాడి ఛాతీకి వైర్లు తగిలించాడు.

“బీమారి తలకాయల ఉంటే గుండెకు తీగలెందుకు సారూ?” భూమవ్వ విసుక్కుంది.

“ఇసుంటి గోలీలు రెండు రకాలు కలిస్తే గుండె కొట్టుకునే తీరు తప్పుతదమ్మా, ప్రాణం మీదికొస్తది. ఇంకెవరి మందులన్న వేస్తున్నవా?”

“అయ్యో, మీ మీదనే భరోస సారూ.”

మంచం మీది నుంచి ఆత్మారాం మెల్లగా అన్నాడు: “అక్కా, బోధన్ డాక్టరు గోలీ గూడ చెప్పు.”

భూమవ్వ వాడి తొడ గిల్లింది. “వాని మాట పట్టించుకోకుండ్రి సారూ, వానికి దిమాగ్ సక్కగ లేదు.”

డాక్టరు కుర్చీని ఆత్మారాం వైపు జరుపుకున్నాడు.

“ఏ రంగు గోలీ, తమ్మీ?”